పల్చటి జుట్టు, తెగని చిక్కు: చిన్నపిల్లల తల గురించి గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాది నిండిన దగ్గర్నుంచి ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల జుట్టు గురించి మన వైపు అమ్మలూ అమ్మమ్మలూ అడిగే ప్రశ్నలు ఇక్కడ పెట్టాను. సన్నటి జుట్టు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోత, సముద్రం దగ్గరయ్యే కొద్దీ ఉప్పెక్కే బోరు నీళ్లు. ఈ మూడూ ఒక్క తల మీదే కలిస్తే హైదరాబాదులో పనికొచ్చిన సలహా అమలాపురంలో పనికిరాదు. నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఆ జుట్టుతో పోట్లాడకండి, ఏడుస్తున్న పిల్ల మాట నమ్మండి. సన్నటి జుట్టున్న పిల్లకి దువ్వెన నిజంగానే నొప్పెడుతుంది.

మా పాప జుట్టు పట్టులా ఉంటుంది. కానీ దువ్విన గంటకే ఉండలు కడుతుంది. ఏమన్నా లోపమా అండీ?

లోపం కాదండీ. చిన్నపిల్లల వెంట్రుక పెద్దవాళ్ల వెంట్రుక కన్నా సన్నంగా ఉంటుంది. వయసుతో పాటు లావెక్కుతుంది, పదేళ్లు దాటి ఈడుకొచ్చేసరికి దాని అసలు రూపు తెలుస్తుంది. అందాకా తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఫ్యాను గాలికి కూడా లేచి పక్క వెంట్రుకల్లోకి దూరిపోతుంది.

వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఉంటుంది. కుదురు నుంచి చివరి వైపు పెంకులు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు ఉంటాయి. అవి అణిగి ఉన్నంతసేపు వెంట్రుకలు ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి. ఎండ, ఉప్పు నీళ్లు, ఒంటి సబ్బు, తువ్వాలుతో బరబరా తుడవడం ఆ పెంకుల్ని లేపుతాయి. లేచినవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అదే చిక్కు. కింద చెప్పేవాటిలో సగం ఆ పెంకుల్ని అణిచి ఉంచే పనులే.

ఇంకొక్క మాట. "పక్కింటి పిల్లకి బారెడు జడ ఉంది, మన పిల్లకి ఎలకతోక" అని ఇంట్లో ఎవరూ అనకూడదు. నాలుగేళ్ల పిల్లకి అన్నీ అర్థమవుతాయి.

చిక్కంతా మెడ వెనకాలే ఎందుకు పడుతుంది?

అక్కడ రాపిడి ఎక్కువ. పడుకున్నప్పుడు దిండు, కూర్చున్నప్పుడు చొక్కా కాలరు, బడి ఆటోలో వెనక సీటు, అన్నీ అక్కడే రాసుకుంటాయి. మన వాతావరణంలో చెమట కూడా ముందు మెడ మీదే పడుతుంది. ఆరిన చెమటలో ఉప్పు ఉంటుంది. రోజూ తల మొత్తం దువ్వే ఓపిక లేకపోతే ఆ బెత్తెడు మేరా సాయంత్రం ఒకసారి విడదీసినా చాలు, మర్నాటి ఏడుపు చాలావరకు తగ్గుతుంది.

ఏడిపించకుండా చిక్కు తియ్యడం ఎలా?

మనలో చాలామంది మాడు దగ్గర మొదలుపెట్టి కిందికి లాగుతాం. దాంతో పైనున్న చిన్న చిక్కులన్నీ దిగి కింద ఒక్క ముడిగా బిగుస్తాయి. తిరగేసి చెయ్యాలి. ముందు చివర రెండంగుళాలు దువ్వండి. అది జారాక ఇంకో రెండంగుళాలు పైకి జరగండి. అలా చివర నుంచి కుదురు దాకా ఎక్కాలి.

దువ్వే ముందు జుట్టుని నాలుగు పాయలు చేసి, మూడు పాయలకి క్లిప్పులు పెట్టేసి, ఒక్కటే చేతిలోకి తీసుకోండి. చిక్కుకి పైన, అంటే మాడుకీ చిక్కుకీ మధ్యన, ఆ పాయని ఎడం చేత్తో గట్టిగా పట్టుకోవాలి. అప్పుడు దువ్వెన లాగినా ఆ లాగుడు మీ చేతి దగ్గరే ఆగిపోతుంది, మాడు దాకా పోదు. ఈ ఒక్క పనితో సగం ఏడుపు ఆగుతుంది. మా పాపకి నేను మొదట నేర్చుకున్నది ఇదే, ఎవరడిగినా మొదట చెప్పేదీ ఇదే.

ముడి బిగుసుకుంటే దువ్వెన పక్కన పెట్టండి. రెండు చుక్కల కొబ్బరి నూనె వేళ్లకి రాసుకుని ముడిని పక్కలకి, మల్లెమొగ్గ విప్పినంత నెమ్మదిగా, విడదీయండి. దువ్వెన కొసపన్నుతో కింద నుంచి కొద్దికొద్దిగా గీరండి. అప్పటికీ రాకపోతే కత్తెరతో అడ్డంగా కత్తిరించకండి, చెక్క పోయినట్టు కనిపిస్తుంది. కత్తెర మొనని ముడిలోకి నిలువుగా, మాడు నుంచి చివరి వైపు పెట్టి, ఒకటి రెండు చోట్ల చీల్చండి. ముడి రెండు మూడు ముక్కలవుతుంది, విడిగా వస్తుంది, పోయే జుట్టు చాలా తక్కువ. పిల్ల కదలకుండా ఉండాలి కాబట్టి ఇది ఇద్దరు చేసే పని.

తడి జుట్టు దువ్వచ్చా?

నిటారు జుట్టయితే నీళ్లు కారుతుండగా వద్దు. తడిసిన వెంట్రుక మెత్తబడి సాగుతుంది, లాగితే తెగుతుంది. మెత్తటి పాత నూలు పంచెతోనో టీషర్టుతోనో ఒత్తి, రుద్దకుండా, కాసేపు ఆరనిచ్చి, కొద్దిగా చెమ్మ ఉండగా దువ్వండి. ఉంగరాల జుట్టుకి దీనికి వ్యతిరేకం. అది పూర్తిగా ఆరాక దువ్వితే పొగలా లేచి చిక్కు పడుతుంది, కండిషనర్ జారుడు ఉండగానే తడి మీద విడదీయాలి.

ఏ దువ్వెన మంచిది?

పళ్లు దూరంగా, కొసలు గుండ్రంగా ఉన్నది. ప్లాస్టిక్ దువ్వెనలో రెండు అచ్చులు కలిసిన చోట సన్నటి గరుకు గీత ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. అది సన్నటి వెంట్రుకని గీరేస్తుంది. కొనేముందు తడిమి చూడండి. పన్ను విరిగిన దువ్వెన పిల్లకి వాడకండి. సన్నపళ్ల దువ్వెన పేలకే.

కొబ్బరి నూనె రాయాలా వద్దా? రాస్తే ఎంత?

రాయాలి, కానీ అమ్మమ్మ రాసినంత కాదు.

కొబ్బరి నూనెలో ఎక్కువ భాగం లారిక్ ఆమ్లం. దాని అణువు చిన్నది, తిన్ననిది, అందుకే వెంట్రుక లోపలికి దిగుతుంది. ఖనిజ తైలం, పొద్దుతిరుగుడు నూనె, కొబ్బరి నూనె పోల్చి చూసి 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో, తల రుద్దుకునేటప్పుడు వెంట్రుక నుంచి పోయే ప్రొటీన్‌ని తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. ఆ పరిశోధకులు పనిచేసింది కొబ్బరి నూనె అమ్మే సంస్థలోనే, ఆ సంగతీ తెలిసి ఉండాలి. అయినా మన ఇళ్లలో తరాలుగా చూస్తున్నదానికి అది దగ్గరగానే ఉంది.

దీన్నిబట్టి నూనె అసలు అవసరం తలంటుకి ముందు. స్నానానికి గంట ముందో, రాత్రి పడుకునే ముందో పలుచగా రాయండి. ఐదేళ్ల పిల్లకి అరచెంచా చాలు, అదీ ముందు చివర్లకి, తర్వాత మిగిలింది మాడుకి. బడికి వెళ్లే పొద్దున మాత్రం వేళ్ల కొసలకి అంటిన రెండు చుక్కలే. నూనె కారుతున్న సన్నటి జుట్టు పాయలు పాయలుగా అంటుకుని, రోడ్డు దుమ్ము పట్టి, మధ్యాహ్నానికి ఇంకో రకం చిక్కు అవుతుంది. ఉక్కలో ఆ నూనె నుదుటి మీదికి దిగి చెమటకాయలు లేస్తాయి.

అంబాజీపేట చుట్టుపక్కల ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, మంచి కురిడీలు గానుగాడించిన నూనె వాసన వేరు. మార్కెట్లో కొన్నా పరవాలేదు, సీసా మీద పరిమళాలు, రంగులు ఏవీ లేని నూనె చూసుకోండి. పుష్యమాసం చలికి గడ్డకడితే అది కల్తీ కాదు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం దాని స్వభావం. సీసాని వేడి నీళ్ల గిన్నెలో పెట్టండి, పొయ్యి మీద కాదు.

నూనెలో కర్పూరం వేసి రాస్తే మంచిదంటారు కదా?

చిన్నపిల్లలకి వద్దే వద్దు. కర్పూరం చర్మం గుండా ఒంట్లోకి వెళుతుంది. పొరపాటున కొంచెం మింగినా చిన్నపిల్లలకి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. పూజ గదిలో కర్పూరం డబ్బా కూడా పిల్లలకి అందనంత ఎత్తులో ఉండాలి.

కుంకుడుకాయా? షాంపూనా?

రెండూ పనికొస్తాయి, పద్ధతి తెలిస్తే. ఒంటి సబ్బు మాత్రం తలకి పనికిరాదు. సబ్బు క్షారం, పైన చెప్పిన పెంకుల్ని లేపుతుంది. ఉప్పు నీళ్లలో అయితే నురగ రాకపోగా తెల్లటి మడ్డిలా వెంట్రుకకి అంటుకుంటుంది. పిల్లల జుట్టు బంక బంకగా ఉందని వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో సంగతి ఇదే.

కుంకుడు వాడితే: కాయలు నలగ్గొట్టి, గింజ తీసేసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పిసికి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగట్టండి. ఒక్కసారి వడగడితే తొక్క నలకలు మిగులుతాయి. ఒత్తయిన జుట్టులో అవి దువ్వితే రాలిపోతాయి, సన్నటి జుట్టులో ఇరుక్కుని ఒక్కో నలకా ఒక్కో చిక్కుకి మొదలవుతుంది. రసాన్ని పలుచన చేసి, పిల్ల తల వెనక్కి వాల్చి, వెనక నుంచి పోయండి. కళ్లలో పడితే బాగా మండుతుంది, వెంటనే మంచినీళ్లతో కడగాలి. ఒక్కసారి కళ్లు మండిన పిల్ల ఆదివారం వస్తోందంటేనే భయపడుతుంది. అందుకే మూడేళ్ల లోపు వాళ్లకి నేను పిల్లల షాంపూనే చెబుతాను.

షాంపూ అరచేతిలో నీళ్లతో కలిపి మాడుకి మాత్రమే రాయండి. జుట్టంతా నెత్తిన పోగుచేసి గుండ్రంగా రుద్దకండి, ఉండలు కట్టేది అక్కడే. మాడు మీద వేళ్ల మెత్తలతో అద్ది, నురగ చివర్లకి దానంతటదే జారనివ్వండి. వారానికి రెండుసార్లు చాలు. మే నెల చెమటకి మధ్యలో ఒట్టి నీళ్లు పోసినా సరే.

శీకాయ పొడి కూడా అంతే, వడగట్టకుండా పొడిగా రుద్దితే సన్నటి జుట్టుకి ఇసుకతో సమానం.

మా ఊళ్లో బోరు నీళ్లు ఉప్పన. కాలవలకి నీళ్లు ఆపేశాక మరీను. ఏం చెయ్యాలి?

సఖినేటిపల్లి, మలికిపురం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది, నరసాపురం, మొగల్తూరు వైపు నుంచి కూడా. ధవళేశ్వరం నుంచి కాలవల్లో నీళ్లు వచ్చినన్నాళ్లు ఊరి చెరువులు నిండి ఉంటాయి, బావుల్లో పై నీళ్లు కొంత తియ్యగా ఉంటాయి. ఎండాకాలం కాలవలకి నీళ్లు ఆపేశాక కిందనున్న ఉప్పు నీరే గతి. అవి ఉప్పు మాత్రమే కాదు, సున్నం, మెగ్నీషియం కూడా ఉన్న కఠిన జలాలు. ఆ ఖనిజాలు వెంట్రుక మీద పేరుకుంటే జుట్టు గరుకుగా, గడ్డిలా తయారవుతుంది.

మీ నీళ్లు ఎలాంటివో ఇంట్లోనే చూడండి. చిన్న సీసాలో సగం నీళ్లు పోసి, సబ్బు తురుము కాస్త వేసి ఊపండి. నురగ నిలవకుండా నీళ్లు తెల్లగా మడ్డిగా అయితే కఠిన జలం. కాచితే కొంత కఠినత్వం పోతుంది, గిన్నె అడుగున తెల్లటి చెక్కు కట్టేది అదే. ఉప్పు మాత్రం పోదు.

చిన్నపిల్ల తలకి నీళ్లు ఎన్ని కావాలి కనుక? తలంటు మొత్తం బోరు నీళ్లతోనే కానివ్వండి, చివర రెండు చెంబులు మాత్రం తాగే టిన్ను నీళ్లు పోయండి. 20 లీటర్ల టిన్నులో అది పదో వంతు కూడా కాదు. వానాకాలం అయితే మొదటి జల్లు కడిగిపోయాక చూరు కింద పట్టిన వాన నీళ్లు ఇంకా మంచివి. మా ఇంట్లో ఖర్చు లేకుండా జుట్టు తీరు మార్చింది ఈ ఆఖరి రెండు చెంబులే. నిమ్మరసం, వెనిగర్ పోయమని కొందరంటారు. పెద్దవాళ్లు పలుచగా వాడితే వాడొచ్చు కానీ పిల్లల కళ్లకీ, గోకిన మాడుకీ మంట.

చిన్నపిల్లలకి కండిషనర్ పెట్టచ్చా?

పెట్టచ్చు. పిల్లల కోసం చేసినది, వాసన తక్కువున్నది తీసుకుని, చెవుల కింద నుంచి చివర్ల దాకా మాత్రమే రాసి, రెండు నిమిషాలాగి కడిగేయండి. మాడుకి అక్కర్లేదు. మనసొప్పకపోతే పెరట్లో మందారం ఉంది కదా. పది లేత ఆకులు కడిగి, నీళ్లలో పిసికితే జిగురు దిగుతుంది. గుడ్డలో వడగట్టి ఆ జిగురుని తలంటు అయ్యాక చివర్లకి పట్టించి కడిగేయండి. ఆ జారుడుకి దువ్వెన దానంతటదే దిగుతుంది. ఏ పూటకి ఆ పూట చేసుకోవాలి, నిలవ ఉంటే పులిసిపోతుంది. ఉల్లిపాయ రసం లాంటివి పిల్లల మాడు జోలికి తేకండి.

స్నానం అయ్యాక సాంబ్రాణి ధూపం వేస్తాం. ఆపమంటారా?

పసిపిల్లలకి ఆపమనే అంటాను. పొగ ఏదైనా పొగే, పసివాళ్ల ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఉబ్బసం, పిల్లికూతలు ఉన్న ఇంట్లో అసలు వద్దు. జుట్టు ఆరడానికి ఫ్యాను గాలి దూరం నుంచి తగిలితే చాలు. అమ్మమ్మ మనసు కష్టపెట్టుకోకుండా, ధూపం దేవుడి గదిలో వేయమనండి.

గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందా?

రాదండీ. జుట్టు ఎంత లావుగా, ఎంత ఒత్తుగా రావాలో నిర్ణయించే కుదురు చర్మం లోపల ఉంటుంది, బ్లేడు పైనే తిరుగుతుంది. గుండు తర్వాత వచ్చే వెంట్రుక కొస అడ్డంగా, మొద్దుగా తెగి ఉంటుంది కాబట్టి గరుకుగా, ముతకగా చేతికి తగులుతుంది. అదీకాక ఏడాది పిల్లకి తీయించి రెండేళ్లప్పుడు చూసుకుంటాం, ఆ వయసులో జుట్టు ఎలాగూ పెరుగుతుంది.

మొక్కు వేరు, అది మన భక్తి. అన్నవరమైనా, వాడపల్లి అయినా, అంతర్వేది అయినా, ద్వారకా తిరుమల అయినా కొత్త బ్లేడు మీ కళ్ల ముందే విప్పించండి. ముందు తల బాగా తడిపించండి. తర్వాత వారం రోజులు ఎండలోకి టోపీ లేకుండా పంపకండి, అంతదాకా జుట్టు చాటున ఉన్న చర్మం అది. జుట్టు ఒత్తు కోసమని మాత్రం మళ్లీ మళ్లీ గుండు గీయించకండి.

మొక్కు ఉంది, మూడో ఏడు దాకా బాబు తలకి కత్తెర తగలకూడదు. జుట్టు జడలు కట్టేస్తోంది.

దీనికి జడే మందు. విరబోసి ఉంచితే కడుతుంది. రోజూ రాత్రి చివర నుంచి చిక్కు తీసి, వదులుగా ఒకే జడ వేసి, గుడ్డ చుట్టిన రబ్బరు పెట్టి పడుకోబెట్టండి. పగలు నెత్తిన చిన్న పిలక వేస్తే కళ్లలో పడదు, అన్నంలో పడదు. మగపిల్లాడికి జడేంటని నవ్వేవాళ్లని పట్టించుకోకండి. తెగకుండా, నొప్పి లేకుండా ఆ జుట్టు స్వామికి చేరడమే కదా కావలసింది. ముడి పడితే వేళ్లతో, నూనెతో ఓపిగ్గా విప్పండి.

మొక్కేం లేదు, కానీ ఆడపిల్ల జుట్టు కత్తిరించకూడదని అత్తగారు అంటున్నారు.

సన్నటి జుట్టు చివర చీలుతుంది, చీలిన కొసే పక్కదాన్ని పట్టుకుంటుంది. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడు నెలలకోసారి అర సెంటీమీటరు తీసినా పొడుగు తగ్గదు, చిక్కు తగ్గుతుంది. అత్తగారికి ఈ లెక్క నెమ్మదిగా చెప్పి చూడండి. "పొడుగు తియ్యం అత్తయ్యా, చివర్లు సమం చేయిస్తాం" అంటే చాలామంది ఒప్పుకుంటారు. వీలుంటే ఆరేడేళ్లు వచ్చేదాకా మెడ వరకే ఉంచమంటాను నేను, పిల్ల హాయిగా ఉంటుంది.

రాత్రి పడుకునేటప్పుడు?

వదులు జడ, నున్నటి దిండు గలేబు. శాటిన్ గుడ్డ చవకగానే దొరుకుతుంది. జరీ లేని పాత పట్టుచీర ముక్క ఇంకా మంచిది. ముతక నూలు గలేబు మీద పిల్ల తల తిప్పిన ప్రతిసారీ రాపిడే.

బడిలో రెండు జడలు గట్టిగా వేసి మడిచి రిబ్బన్లు కట్టమంటున్నారు.

రెండు జడలు మంచివే, విరబోసినదానికన్నా చిక్కు తక్కువ. గట్టిగా లాగడమే మంచిది కాదు. జడ వేశాక పిల్ల కనుబొమ్మలు పైకి లేచినట్టున్నా, పాపిడి పక్కన చర్మం ఎర్రగా ఉన్నా, సన్నటి పొక్కులు లేచినా అది బిగువు. నెలల తరబడి అలాగే వేస్తే నుదుటి దగ్గర జుట్టు వెనక్కిపోతుంది, కొన్నాళ్లకి కుదురే చచ్చిపోవచ్చు. పాపిడి వారానికోసారి కొంచెం పక్కకి మార్చండి. ఒట్టి రబ్బరు బ్యాండ్లు వద్దు, తీసేటప్పుడు వెంట్రుకల్ని కూడా పీకేస్తాయి. ఈ సంగతి టీచరుగారికి మర్యాదగా ఒక కాగితం మీద రాసి పంపితే చాలు.

ఎండాకాలం పూలజడ వేయాలని అందరికీ సరదా. పల్చటి జుట్టుకి ఎలా?

కడియపులంక నుంచి మల్లెలు వచ్చే రోజుల్లో ఈ సరదా ఎవరికి ఉండదు! కానీ పూలజడ బరువు. సన్నటి జుట్టుకి నేరుగా సూదీ దారంతో కుట్టేస్తే విప్పేటప్పుడు దారంతో పాటు జుట్టు తెగుతుంది. విడిగా సవరం మీద పూలు కుట్టించుకుని, పిల్ల సొంత జడకి రిబ్బనుతో రెండు మూడు చోట్ల కట్టండి. ఫొటోలు అయ్యాక తీసేయండి, దాంతో నిద్రపోనివ్వకండి.

భోగిపళ్లు పోశాక జుట్టంతా రేగిపళ్ల గుజ్జే. ఎలా తియ్యాలి?

ముందుజాగ్రత్త తేలిక. పొద్దున తలంటు అయ్యాక చివర్లకి రెండు చుక్కల నూనె రాసి, నెత్తిన ముడి వేసేయండి. మెత్తగా పండిన రేగిపళ్లు ఏరేసి గట్టివి ఉంచండి, చెరకు ముక్కల జిగట తుడవండి. బంతిపూలు రెక్కలుగా తుంపకుండా చిన్న చేమంతులు పోస్తే ఏరడం సులువు. గుజ్జు అంటితే ఎండనివ్వకుండా గోరువెచ్చని నీళ్లు పోసి నాననివ్వండి, ఆ తర్వాతే దువ్వెన.

అంతర్వేది, పేరుపాలెం బీచ్‌కి వెళ్లొచ్చాక?

వెళ్లేముందు మంచినీళ్లతో తల తడిపి, కొంచెం నూనె రాసి, జడ వేయండి. ముందే నీళ్లు పీల్చిన వెంట్రుక ఉప్పు నీళ్లు తక్కువ పీలుస్తుంది. తిరిగొచ్చాక జడ విప్పకుండానే మంచినీళ్లు పోసి ఇసుక దింపాలి. గోదావరి రేవులో మునిగినా అంతే, 2027 పుష్కరాలకి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

అంగన్‌వాడీకి వెళ్లిన దగ్గర్నుంచి పేలు. ఏ మందు?

పేలు పట్టడానికి మురికి కారణం కాదు, సిగ్గుపడకండి. పేను ఎగరదు, గెంతదు. తలా తలా ఆనించి ఆడుకుంటే పాకుతుంది. అందుకే పిల్ల ఒక్కదానికే చూస్తే సరిపోదు, ఇంట్లో అందరి తలలూ అదే రోజు చూడాలి.

పద్ధతిగా చేస్తే దువ్వెనే సగం మందు. తలంటి, కండిషనరో మందార జిగురో బాగా పట్టించి, ముందు దూరపళ్ల దువ్వెనతో చిక్కంతా తీసి, ఆ తర్వాతే పేల దువ్వెన. చిక్కు తీయకుండా పేల దువ్వెన దింపితే పిల్ల ఇంకోసారి దగ్గరికి రాదు. ఒక్కో దువ్వుకీ తెల్లగుడ్డ మీద తుడవండి. మూడు నాలుగు రోజులకోసారి, రెండు మూడు వారాలు. ఈపులు వెంట్రుకకి అతుక్కుని ఉంటాయి, వారం పది రోజుల్లో పొదుగుతాయి. ఒక్కరోజు చేసి వదిలేస్తే మళ్లీ మొదటికి రావడం అందుకే.

మందు కావాలంటే 1 శాతం పెర్మెత్రిన్. రెండు నెలలు దాటిన పిల్లలకి వాడచ్చు, అయినా డాక్టరుగారిని అడిగే వాడండి. పది నిమిషాలుంచి కడిగేసి, వారం పది రోజులకి మళ్లీ ఒకసారి. మందుల షాపులో 5 శాతం ఇస్తే తీసుకోకండి, అది గజ్జికి.

చెయ్యకూడనివి గట్టిగా చెబుతున్నాను. కిరసనాయిలు వద్దు, నిప్పంటుకుంటుంది, పొట్టలోకీ ఊపిరితిత్తుల్లోకీ పోతే ప్రాణం మీదికొస్తుంది. సీతాఫలం గింజల పొడి వద్దు, అది కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. పొలానికి కొట్టే పురుగుమందు ఏదీ తల దగ్గరికి రాకూడదు. వేపనూనె పసిపిల్లల నోట్లోకి పోతే విషం.

పాపకి దువ్వెన చూస్తేనే పరుగు. పట్టుకుని దువ్వమంటారా?

పట్టుకుని దువ్వితే ఆ పూట అవుతుంది, రేపు ఇంకా దూరం పరిగెడుతుంది. పొద్దున హడావుడి వేళ నుంచి ఈ పనిని రాత్రికి మార్చండి. తాతగారు కథ చెబుతుండగా, మీరు వెనక కూర్చుని రోజుకి రెండు పాయలే. "ఆపు" అంటే ఆపుతారని ఒక్కసారి నమ్మకం కుదిరితే కూర్చుంటుంది. ముందు తన చేత బొమ్మకి దువ్వించండి, చివర నుంచి ఎలా ఎక్కాలో నేర్పండి. ఐదేళ్లు వచ్చేసరికి తన చివర్లు తనే దువ్వుకునే పిల్లలు ఉన్నారు.

మూడు నెలల బాబుకి వెనక జుట్టు ఊడిపోయింది. భయమా?

లేదు. పుట్టుకతో వచ్చిన జుట్టు మొదటి నెలల్లో రాలి కొత్తది రావడం మామూలే, వెల్లకిలా పడుకోవడంతో వెనకవైపుది మొదట పోతుంది. మాడు మీద జిడ్డు పొలుసులుంటే నూనె రాసి అరగంట నాననిచ్చి మెత్తగా దువ్వి కడిగేయండి, గోళ్లతో గిల్లకండి. మరో సంగతి చూడండి. కాన్పు అయిన కొన్ని నెలలకి తల్లి జుట్టు బాగా రాలుతుంది. ఆ వెంట్రుక ఒక్కోసారి బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగుస్తుంది. కారణం లేకుండా ఏడుస్తుంటే సాక్సులు తీసి వేళ్లు చూడండి. వేలు వాచి ఎర్రబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

మాడు మీద పొలుసులతో ఒక చోట జుట్టు తెగి నల్లటి చుక్కలు మిగిలితే అది తలలో తామర కావచ్చు. దానికి పైపూత చాలదు, వారాల తరబడి నోటి మందు వాడాలి. ఇంట్లో ఇంకో పిల్లకి అంటుకోకముందే వెళ్లండి.

రూపాయి బిళ్లంత నున్నగా జుట్టు పోతే మన వాళ్లు పేనుకొరుకుడు అంటారు. దాన్ని ఏ పేనూ కొరకలేదు. ఒంటి రక్షణ వ్యవస్థ పొరబడి కుదుళ్ల మీద పడటం వల్ల వస్తుంది. దాని మీద గురివింద గింజ అరగదీసి రాస్తుంటారు. ఆ గింజలోపలి పప్పు తీవ్రమైన విషం, పిల్లలున్న ఇంట్లో అది ఉండనే కూడదు.

రెండు నుంచి ఐదారేళ్ల పిల్లకి జుట్టు ఎప్పటికీ పొడుగవకుండా, నొప్పి లేకుండా మెల్లగా లాగితేనే చేతికి వచ్చేస్తుంటే, కుదుళ్లు వదులుగా ఉండే ఒక స్థితి ఉంది. చర్మవైద్యులు వెంట్రుకని సూక్ష్మదర్శిని కింద పెట్టి తేలుస్తారు. చాలామందిలో వయసుతో పాటు సర్దుకుంటుంది. జుట్టు ఎర్రబడి, పల్చబడి, పిల్ల నీరసంగా, పాలిపోయి ఉంటే రక్తపరీక్ష చేయించి హిమోగ్లోబిన్ చూపించండి. అప్పుడు షాంపూ మారిస్తే లాభం లేదు, గుడ్డు, పప్పు, చేప, ఆకుకూర కంచంలోకి రావాలి. తనే జుట్టు పీక్కుంటోందని గమనిస్తే తిట్టకండి, పిల్లల డాక్టరుకి చెప్పండి.

ఇవేవీ లేకుండా ఒట్టి సన్నటి జుట్టే అయితే పరీక్షలు అక్కర్లేదు. మందుల షాపులో పిల్లల కోసమని అమ్మే విటమిన్ సిరప్పులు జుట్టు కోసం కొనకండి.